నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయి: మా 1972 ఎంజీబీ వాన డైరీ

సెప్టెంబరు 14

ఇవాళ ఇంటికొచ్చి ఎడమకాలి బూటు విప్పి బోర్లించి పట్టుకుంటే చెంచాడు నీళ్ళు కారాయి. వానలో నడిచొచ్చి ఉంటే అనుకోవచ్చు. నేను కారులో వచ్చాను. టాప్ వేసే ఉంది, అద్దాలు ఎత్తే ఉన్నాయి.

కారు 1972 ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే పైకప్పు (టాప్) మడిచేసే రకం. తెలుపు రంగు, క్రోమ్ బంపర్లు, రెండే సీట్లు. జూన్‌లో కొన్నాం. కొన్నాం అంటే, నేను కొన్నాను, మా ఆయన అడ్డు చెప్పలేదు. ఇంగ్లండ్‌లో ఆబింగ్డన్ అనే ఊళ్ళో 1962 నుంచి 1980 దాకా ఈ మోడల్ 5 లక్షలకు పైగా తయారైంది. అందుకే స్పేర్లు ఇప్పటికీ చవగ్గా దొరుకుతాయి, నాలాంటి నర్సు జీతానికి అందుబాటులో ఉంటుంది. నలభై ఏళ్ళు దాటిన బండి కాబట్టి ఇక్కడ బ్రిటన్‌లో దీనికి రోడ్డు టాక్స్ లేదు. బండి రోడ్డుకి పనికొస్తుందా లేదా అని ఏటా చేయించాల్సిన ఎంఓటీ పరీక్ష కూడా 2018 మే నుంచి ఇలాంటి బండ్లకి తప్పనిసరి కాదు. నేను మాత్రం చేయించాను. నా కళ్ళ మీద నాకంత నమ్మకం లేదు.

ఈ ఏడు ఇంగ్లండ్‌లో మేముండే ప్రెస్టన్‌లో వేసవి పొడిగా గడిచింది. మూడు నెలలు టాప్ తీసి తిరిగాం. ఇవాళే మొదటి పెద్ద వాన.

ఒక లక్ష్యం పెట్టుకున్నాను. వచ్చే వసంతంలో ఈ కారులో లేక్ డిస్ట్రిక్ట్ వెళ్ళి హానిస్టర్ పాస్ అనే కొండదారి ఎక్కాలి, అదీ వాన పడుతుండగా. 2015 డిసెంబరు 5న అక్కడ 24 గంటల్లో 341.4 మిల్లీమీటర్ల వాన పడింది, అది ఈ దేశపు రికార్డు. "వానలో నానాలంటే మన షవర్ ఉందిగా" అన్నారు మా ఆయన.

సెప్టెంబరు 28

టాప్ సంగతి చూశాను. నీళ్ళు పైనుంచే కదా వస్తాయి, దోషం టాప్‌దే అని తేల్చేశాను. ముందు అద్దం పైన టాప్ వచ్చి కూర్చునే పట్టీలో రబ్బరు సీల్ గట్టిపడి, గోరుతో నొక్కితే పొడిలా రాలింది. పాతది ఊడబెరికి కొత్తది వేశాను. ఒక శనివారం మొత్తం పోయింది. కొత్త రబ్బరు మందంగా ఉండటంతో టాప్ ముందుకి లాగినా కొక్కేలు అందలేదు. గ్యారేజీలో హీటర్ పెట్టి వినైల్‌ని గంటసేపు వెచ్చబెట్టాక, మా ఆయన లోపలినుంచి లాగుతూ నేను పైనుంచి నొక్కుతూ మొత్తానికి కొక్కెం వేశాం.

పక్కింటి పెద్దాయన గోడ మీదుగా చూస్తూ రెండు మాటలు చెప్పారు. ఆయన ఒకప్పుడు బస్ డిపోలో మెకానిక్. తడి టాప్ ఎప్పుడూ మడవొద్దు, బూజు పడుతుంది. చలిలో అసలే మడవొద్దు, వెనక ప్లాస్టిక్ కిటికీ అప్పడంలా విరుగుతుంది. అప్పడం మాట నాది, ఆయన బిస్కెట్ అన్నారు.

అక్టోబరు 5

వాన. మళ్ళీ ఎడమకాలే తడిసింది. కుడికాలు పొడిగా ఉంది. తల, భుజాలు, ఒడి అన్నీ పొడి. కొత్త సీల్ తన పని తాను చేస్తోంది. మరి ఈ నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయి?

అక్టోబరు 12

తెలిసింది! ఇది కాస్త వివరంగా రాస్తాను.

కార్పెట్లు తీసేశాను. కింద ఉన్న ఫెల్టు గుడ్డ పిండితే బకెట్ అడుగు నిండింది, వాసన మురుక్కాలవే. అదృష్టం కొద్దీ కింద రేకు గట్టిగానే ఉంది. స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూశాను, ఎక్కడా దిగలేదు. ఇంకో చలికాలం ఇలాగే వదిలేసి ఉంటే దిగేది.

నీటి దారి కనిపెట్టడానికి ఇక్కడివాళ్ళు టాల్కం పౌడర్ చల్లుతారట. మా ఇంట్లో టాల్కం లేదు, బియ్యప్పిండి ఉంది. జల్లెడ పట్టుకుని, సంక్రాంతి ముగ్గుకి మల్లే, నల్లటి ఫ్లోరంతా తెల్లగా పరిచాను. పెద్దాయన పూలమొక్కలకి నీళ్ళు పోసే క్యాన్ తెచ్చారు. "ముందు కింద పొయ్యి. అయిదు నిమిషాలు చూడు. తరవాత కాస్త పైకి జరుగు. ఒకేసారి పైనుంచి పోస్తే ఏ కంతలోంచి వచ్చిందో దేవుడికి కూడా తెలీదు" అన్నారాయన. తలుపు కింద పోశారు, ఏమీ లేదు. తలుపు అంచున, త్రికోణం అద్దం దగ్గర, ముందు అద్దం ఫ్రేము కింద పోశారు, అక్కడా లేదు. నేను తల క్లచ్ పెడల్ దగ్గర, కాళ్ళు సీటు మీద పెట్టుకుని, టార్చి నోట్లో కరుచుకుని పడుకున్నాను.

తరవాత ఆయన బానెట్‌కీ ముందు అద్దానికీ మధ్యనుండే క్రోమ్ జాలీ మీద పోశారు. హీటర్‌కి బయటి గాలి వెళ్ళేది ఆ జాలీలోంచే. రెండు నిమిషాలు ఏమీ కాలేదు. తరవాత, గేర్‌బాక్సు సొరంగం పక్కన హీటర్ గాలి వచ్చే చిన్న రేకు తలుపుంది కదా, దాని కింది అంచున ఒక చుక్క ఊరింది. లావెక్కింది, వణికింది, పిండిలో పడి చిన్న గుంట చేసింది. దాని వెనకే ఇంకోటి. క్షణాల్లో అది ధారై తెల్లటి పిండిలో నల్లటి గీత గీసుకుంటూ సరిగ్గా నా ఎడమకాలు ఉండే చోటికి పారింది. టార్చి నోట్లో ఉండటంతో అరవడానికి కూడా వీల్లేకపోయింది.

అసలు కథ ఇది. ఆ జాలీలో వాన పడటం మామూలే, కారు కట్టినవాళ్ళకి తెలుసు. అందుకే దాని కింద ఉన్న పెట్టెలోంచి ఒక రబ్బరు గొట్టం దింపి, గేర్‌బాక్సు పక్కనుంచి రోడ్డు మీదికి నీళ్ళు పోయేలా పెట్టారు. గొట్టం చివర బాతుముక్కులా నొక్కి ఉంటుంది. ఆ ముక్కులో ఆకులూ మట్టీ ఇరుక్కుంటే నీళ్ళు పెట్టెలో నిండి, పొర్లి, హీటర్ తలుపులోంచి లోపలికొస్తాయి.

కారుని స్టాండ్ల మీదికెత్తి, కిందికి దూరి, వంచిన తీగతో ఆ ముక్కుని పొడిచాను. మూడోసారికి ఏదో మెత్తగా తగిలింది. తరవాత నా మోచేతి దాకా, చొక్కా లోపలికి, చంక దాకా, కుళ్ళిన ఆకుల నల్లటి చారు. అరబకెట్ ఉంటుంది. పెద్దాయన నవ్వడానికి క్యాన్ కింద పెట్టాల్సి వచ్చింది.

టాప్ సీల్‌కి పోసిన డబ్బు, ఆ శనివారం... పోనీలే, అదీ పాతబడ్డదే కదా.

అక్టోబరు 26

ఇవాళ దారిలో ఆగిపోయాను. గార్‌స్టాంగ్ వైపు ఏ6 రోడ్డు మీద వెళ్తుంటే పెద్ద మడుగొచ్చింది. నెమ్మదిగానే దాటాను. అటు వైపు చేరాక ఇంజిన్ దగ్గడం మొదలెట్టింది. మూడు సిలిండర్లు, రెండు, తరవాత నిశ్శబ్దం. పక్కకి తీసి ఆపాను.

నాన్నకి వీడియో కాల్ చేశాను. రాజమండ్రిలో అప్పటికి రాత్రి పదిన్నర. నాన్న ఇరవై ఏళ్ళు అంబాసిడర్ టాక్సీ తోలాడు. నేను స్పోర్ట్స్ కారు కొన్నానంటే ఇన్నాళ్ళూ పెద్దగా పట్టించుకోలేదు. బానెట్ ఎత్తి ఫోన్ తిప్పగానే లేచి కూర్చున్నాడు.

"ఒసే, ఇది మన అంబాసిడర్ ఇంజినే కదే!"

నిజమే. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వాళ్ళ బీ-సిరీస్ ఇంజిన్ అది. అంబాసిడర్‌లో 1489 సీసీ, దీన్లో 1798. దీనికి రెండు కార్బ్యురేటర్లు. ఒకే తల్లి పిల్లలు, ఒకడు కోల్‌కతా దగ్గర ఉత్తర్‌పారాలో ఉద్యోగానికి వెళ్ళాడు, ఒకడు ఇక్కడ షోకులు పోయాడు.

"డెల్కో తడిసిందమ్మా. ఫ్యాన్ చిమ్మింది. క్యాప్ ఊడదీసి లోపల పొడిగుడ్డ పెట్టి తుడు." ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ని మన మెకానిక్కులు డెల్కో అనే అంటారు. రెండు క్లిప్పులు తీసి క్యాప్ తిరగేశాను. లోపల మంచు పట్టినట్టు సన్నటి చెమ్మ. చున్నీ కొసతో తుడిచాను. "ఇప్పుడు వెలుతురులో పట్టుకో. గీతలేమన్నా ఉన్నాయా?" ఉంది. మధ్యలో కార్బన్ ముక్క నుంచి అంచు దాకా పెన్సిల్‌తో గీసినట్టు వెంట్రుకంత నల్లగీత. "అదే. కరెంటు ప్లగ్గుకి పోకుండా ఆ గీత పట్టుకుని దొంగదారిలో పోతోంది. ఈపూటకి గోరుతో గీకి తుడిచి పెట్టు, రేపు కొత్తది వెయ్యి."

గీకాను, తుడిచాను, పెట్టాను. స్టార్టరు ఒక్క తిప్పుకే అందుకుంది. నాన్న ఫోన్ పెట్టలేదు. 86 వరదల్లో నీళ్ళలోకి దిగేముందు ఫ్యాన్ బెల్టు ఊడదీసి, డెల్కోకి సైకిల్ ట్యూబు ముక్క తొడిగి, రేజింగ్ తగ్గకుండా బండి దాటించిన కథ మొత్తం చెప్పాడు. చిన్నప్పుడు ఈ కథ వినీ వినీ విసిగిపోయాం. ఇవాళ బానెట్ కింద తల పెట్టి, వీపు మీద వాన పడుతుంటే, మధ్యలో ప్రశ్నలు కూడా అడిగాను.

నవంబరు 2

కొత్త క్యాప్, రోటర్, ప్లగ్గులకి కరెంటు తీసుకెళ్ళే హెచ్‌టీ వైర్లు వేశాను. సైకిల్ ట్యూబు దొరకలేదు. గిన్నెలు తోమే రబ్బరు గ్లవ్ తీసుకుని అయిదు వేళ్ళ కొసలూ కత్తిరించి, ఒక్కో వేల్లోంచి ఒక్కో వైరు లాగి, అరచెయ్యి భాగాన్ని క్యాప్ మీదికి తొడిగాను. నాలుగు ప్లగ్గు వైర్లు, ఒక కాయిల్ వైరు, సరిగ్గా అయిదు వేళ్ళు. పసుప్పచ్చ గ్లవ్. ఇంజిన్‌లోంచి ఎవరో చెయ్యి చాపినట్టుంది. ఇక్కడ పాత మినీ కార్లకి కూడా ఇదే చిట్కా వాడేవారని పెద్దాయన చెప్పారు, వాటి డిస్ట్రిబ్యూటర్ గ్రిల్లు వెనకాలే ఉంటుందట. ఫొటో నాన్నకి పంపాను. "మంచి కంపెనీ గ్లవ్ వాడు" అని జవాబు.

నవంబరు 9

ఇది రాయడం ఇష్టం లేదు, అయినా రాస్తున్నాను.

పది రోజులు ఎండలు కాసి నిన్న రాత్రి జల్లు పడింది. పొద్దున రౌండెబౌట్‌లో పెద్ద వేగమేం లేదు, పాతిక మైళ్ళు ఉంటుందేమో. ఓవర్‌డ్రైవ్‌లో (ఇంజిన్ నెమ్మదిగా తిరిగేలా చేసే అదనపు గేరు) ఉన్నానని గుర్తొచ్చి మలుపు మధ్యలో స్విచ్ తీసేశాను. ఇంజిన్ ఒక్కసారి పట్టుకుంది, వెనక చక్రాలు జారాయి. కారు వెనకభాగం మెల్లగా, మర్యాదగా, నన్ను దాటి ముందుకెళ్దామని చూసింది. ఏబీఎస్ లేదు, ట్రాక్షన్ కంట్రోల్ లేదు, పవర్ స్టీరింగ్ కూడా లేదు. బ్రేకు తొక్కకపోవడం ఒక్కటే నేను చేసిన మంచిపని. స్టీరింగ్ జారేవైపుకి తిప్పాను, మళ్ళీ వెంటనే వెనక్కి. నిలబడింది. వెనకాల వ్యాన్ అతను హారన్ కొట్టకపోవడం ఇంకా సిగ్గనిపించింది.

తొలకరి చినుక్కి రోడ్డు మీద నూనె, దుమ్ము కలిసి జిగట తేలుతుందని మా ఊళ్ళో టీవీఎస్ బండి తోలే ప్రతి పిల్లాడికీ తెలుసు. నాకూ తెలుసు. నాలుగు చక్రాలు ఉంటే ఆ సంగతి మర్చిపోతాం, అంతే.

ఇంటికొచ్చి టైర్లు చూశాను. గాడి 6 మిల్లీమీటర్లు ఉంది, చట్టం అడిగేది 1.6 మాత్రమే. సైడ్‌వాల్ మీద నాలుగంకెలు: 2309. అంటే 2009లో 23వ వారం తయారీ. చూడ్డానికి కొత్తవే. గోరు నొక్కితే టేబుల్‌ని నొక్కినట్టుంది. అమ్మినాయన "టైర్లు బ్రహ్మాండంగా ఉన్నాయి" అన్నది ఈ గాడి చూసే.

నవంబరు 16

నాలుగు కొత్త టైర్లు. అసలు కొలత ప్రకారం సన్నటివే, 155 వెడల్పు. వెడల్పువి వేస్తే కారు అందంగా ఉంటుందని ఒకరన్నారు. నిలిచిన నీళ్ళని చీల్చుకుని రోడ్డుని అందుకోవడానికి సన్న టైరే మేలు. ఈ కారు బరువు టన్ను కూడా లేదు, వెడల్పాటి టైరు మీద ఇది తేలిపోతుంది.

తేలడానికి ఒక లెక్క కూడా ఉంది. 1960ల్లో నాసా వాళ్ళు విమానాల టైర్ల మీద తేల్చినది. గాలి ఒత్తిడి పీఎస్ఐలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 10.35తో గుణిస్తే, నిలిచిన నీళ్ళమీద టైరు తేలే వేగం సుమారుగా మైళ్ళలో వస్తుంది. ఈ కారుకి ముందు టైర్లలో 21 పీఎస్ఐ, వెనక 24. అంటే ముందుకి 47 మైళ్ళు, వెనక్కి 51. గాడి నీళ్ళని బయటికి తోసినంతసేపూ అంతకన్నా ఎక్కువ వేగం తట్టుకుంటుంది, తోయలేనంత నీళ్ళుంటే ఇదే లెక్క. ఈ 47 అంకెని చీటీ మీద రాసి స్పీడోమీటర్ పక్కన అంటించాను.

నవంబరు 30

కౌన్సిల్ లారీలు రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలెట్టాయి. తలుపుల కిందుండే రేకు పట్టీలకి (సిల్స్) ఉప్పునీళ్ళు చెదల లాంటివి. కింద గొట్టంతో బాగా కడిగి, ఆరబెట్టి, గ్యారేజీలో పెట్టేశాను.

ఫిబ్రవరి 22

చలికాలం చేసిన పనులు, టూకీగా. వైపర్లు నీరసంగా కదులుతున్నాయని మోటారుని అనుమానించాను, మోటారు శుభ్రంగా ఉంది. మోటారు నుంచి బ్లేడ్ల దాకా ఒక గొట్టంలో మెలితీగ నడుస్తుంది. దాని మీది గ్రీజు యాభై ఏళ్ళకి లక్కలా గట్టిపడింది. తీగ లాగి, కిరసనాయిల్‌తో కడిగి, కొత్త గ్రీజు రాశాను. ఇప్పుడు రెండు స్పీడుల మధ్య తేడా తెలుస్తోంది. హెడ్‌లైట్లకి రిలేలు పెట్టాను, వెనక ఎర్ర ఫాగ్ లైటు వేశాను. 1980 ఏప్రిల్‌కి ముందు రోడ్డెక్కిన బండ్లకి అది తప్పనిసరి కాదు, కానీ లారీ డ్రైవరుకి నేను కనబడటం నాకు తప్పనిసరి. బ్రేక్ తొక్కితే ఇండికేటర్ మసకబారే రోగం కూడా పోయింది. వెనక లైట్ల ఎర్త్ దగ్గర పచ్చగా పట్టిన చిలుము గీకితే చాలింది.

లోపలి అద్దం మీద ఆవిరి పట్టడానికి మాత్రం మందు దొరకలేదు. తడి కోట్లతో ఇద్దరు మనుషులు, ఇంత చిన్న గుడారం. హీటర్ పూర్తిగా పెట్టి, అద్దం వేలెడు దించడమే గతి. అంటే ఆవిరి పోవడానికి వానని లోపలికి రానివ్వాలి.

మార్చి 22

ఒక చిన్న ప్రయోగం. వచ్చే దారిలో జల్లు మొదలైంది, టాప్ తీసి ఉంది. ఆగకుండా 50 మైళ్ళలో వెళ్తుంటే ముందు అద్దం మీదుగా గాలి వానని తల పైనుంచి వెనక్కి తీసుకుపోయింది. మొహం మీద ఒక్క చుక్క పడలేదు. పది మైళ్ళు యువరాణిలా వచ్చాను. ఊరి మొదట్లో సిగ్నల్ ఎర్రబడింది. పక్క కారులో పిల్లవాడు కిటికీకి ముక్కు ఆనించి మరీ చూశాడు.

ఏప్రిల్ 12

హానిస్టర్.

పొద్దున ఏడింటికి బయల్దేరాం. ముందురోజు రాత్రి కార్పెట్లు తీసి, రెండు వైపులా మళ్ళీ బియ్యప్పిండి చల్లాను. మా ఆయన కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలని అడిగారు. పిండి తొక్కకుండా ఒక పీట వేశాను.

ఎం6 మోటార్‌వే మీద లాంకాస్టర్ దాటాక వాన అందుకుంది. షాప్ అనే ఊరి దగ్గర మోటార్‌వే 316 మీటర్ల ఎత్తుకి ఎక్కుతుంది, అక్కడ వానతోపాటు గాలి. ఈ కారులో కూర్చుంటే నా చెవి లారీ చక్రం ఎత్తులో ఉంటుంది. లారీని దాటేటప్పుడు నాలుగైదు సెకన్లు ఏమీ కనబడదు, తెల్లటి హోరు ఒక్కటే. అందుకే దాటడం మానేశాను. లెఫ్ట్ లేన్‌లో, ముందు బండికీ నాకూ మధ్య నాలుగు సెకన్ల దూరం పెట్టుకుని, నలభై దాటకుండా. తడి రోడ్డు మీద ఆగే దూరం కనీసం రెట్టింపవుతుందని ఇక్కడి హైవే కోడ్ చెప్పేది కొత్త కార్లకి కూడా. నాది ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, మధ్యలో నా కాలు.

పెన్రిత్ దగ్గర దిగి, ఏ66 మీద కెజిక్, అక్కణ్ణించి బారోడేల్ లోయ. సీటోలర్‌కి కాస్త ముందు ఎడమవైపు సీత్‌వెయిట్‌కి దారి చీలుతుంది. ఇంగ్లండ్‌లో మనుషులు కాపురముండే చోట్లన్నిటిలోకీ వాన ఎక్కువ పడేది అక్కడే, ఏడాదికి దాదాపు 3,500 మిల్లీమీటర్లు. మా రాజమండ్రికి దాదాపు మూడింతలు. పేరు చూసి "సీత ఇక్కడుందా" అన్నారు మా ఆయన. వాన మొదలయ్యాక ఆయన వేసిన మొదటి జోకు అది.

రోడ్డు మీద వాగులా నీళ్ళు పారుతున్న చోట మొదటి గేరులో దాటి, అటు వెళ్ళాక బ్రేకు మెత్తగా నొక్కి చూశాను. పెడల్ ఉంది, కారు ఆగడం లేదు. బ్రేకుల్లోకి నీళ్ళు వెళ్ళాయి. వెనక ఎవరూ లేరు. నెమ్మదిగా నడుపుతూనే ఎడమకాలు బ్రేకు మీద తేలిగ్గా ఆనించి వంద గజాలు పోనిచ్చాను. వేడికి ఆరి, మొదట ఒకవైపు పట్టుకుంది, తరవాత రెండూ.

ఎక్కుడు నాలుగుకి ఒకటి వాలు. మొదటి గేరు, రెండో గేరు, మళ్ళీ మొదటి గేరు. గొర్రెలు రోడ్డు మధ్యలో పడుకుని "మేం కదలం" అన్నాయి. ఇంజిన్ ఒక్కసారి కూడా దగ్గలేదు. పైన పలకరాయి గని దగ్గర పార్కింగ్‌లో ఆపి, టార్చి తీసి ముందు నా కాళ్ళ దగ్గర చూశాను. నా మడమలు ఆనిన చోట తప్ప పిండి నిన్న రాత్రి చల్లినట్టే ఉంది, జల్లెడ గుర్తులతో సహా. ఎడమవైపు చూశాను. పీట కింద పొడి. తలుపు మూల, త్రికోణం అద్దం కింద మాత్రం రూపాయి బిళ్ళంత తడి మరక. అప్పుడు చూశాను, మా ఆయన ఫ్లాస్కు మూతని మోకాలి మీద ఎత్తి పట్టుకుని ఉన్నారు. సగం నిండి ఉంది.

"ఎంతసేపట్నించి?"

"లాంకాస్టర్."

నాన్నకి ఫోన్ చేశాను. సిగ్నల్ సరిగ్గా లేదు. "డెల్కో?" అన్నది ఒక్కటే వినబడింది. పొడిగా ఉంది నాన్నా అని అరిచి చెప్పాను.

త్రికోణం అద్దం రబ్బర్లు, ఎడమది, కుడిది, రెండూ ఆర్డర్ పెట్టాను. గురువారం వస్తాయి.